లేని మంచం చుట్టూ

కోట్లు కుట్టే ఆయన్ని అందరూ కత్తెరాయన అంటారు. పనిని బట్టి వచ్చిన పేరని కొత్తవాళ్లు అనుకుంటారు. నోటిని బట్టి వచ్చిందని ఒక్కసారి కొలతలు ఇచ్చినవాళ్లకు తెలుస్తుంది. పొట్ట పెరిగినవాడితో పొట్ట పెరిగిందనే అంటాడు. బట్ట కుంచించుకుపోయి ఉంటుందని ఓదార్చడు.

భార్య పోయి ఏడాది దాటింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ నోటికి కాస్త కళ్లెం ఉండేది. పిల్లలు లేరు. ఆవిడ వెనక మిగిలినవాళ్లు ఇద్దరే, పక్కవీధిలో చెల్లెలు, ఇంట్లో గువ్వ. చెల్లెలు బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఇప్పుడు బావకు చెబుతోంది. గువ్వ ఒళ్లో పట్టే ఆడకుక్క. చెవులు రెండూ విచ్చుకున్న రెక్కల్లా ఉంటాయి. కుర్చీలో కూర్చుంటే సీతాకోకచిలుక వాలినట్టే ఉంటుంది.

ఆ చెవులు ఆవిడ చేతిపని. ఏళ్ల తరబడి దేనికి దేన్ని జత కట్టాలో చూసి, ఎంచి, ఆ వెడల్పూ ఆ కుచ్చూ రప్పించింది. పోటీల్లో కప్పులు తెచ్చింది. కప్పులు అలమారలో నల్లబడిపోయాయి. కుక్కలు ఒక్కొక్కటే పోయాయి. గువ్వ తల్లి గువ్వని కన్న కాన్పులోనే పోయింది. ఇక ఆ వరసలో ఇంట మిగిలింది గువ్వ ఒక్కతే. దానికి ఒక్క కాన్పయినా కాకపోతే ఆవిడ చేసిన పని ఈ ఇంట్లో ఆనవాలు లేకుండా పోతుంది. కత్తెరాయనకు కావలసింది ఆ ఒక్క కాన్పే. మరి దేనిమీదా ఆయనకు ఆశ లేదు.

ఆ జాతి మగకుక్క పోస్టమ్మ దగ్గరుంది. పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి. దిగిపోయినా ఆఫీసు ఆవిణ్ణి వదల్లేదు. కత్తెరాయన గువ్వని చంకన పెట్టుకుని, మరదల్ని వెంటబెట్టుకుని వెళితే, గుమ్మంలోనే చెయ్యి చాపింది.

"కాగితాలేవి?"

"కుక్కని తెచ్చాను. చాలదా?"

"మోకాళ్లు చూపించారా? గుండె? కళ్లు? బుగ్గ లోపల పుల్లతో తీసి పంపే పరీక్ష?"

"బుగ్గలో ఏముంటుందండీ, ఎంగిలి తప్ప?"

"ఆ ఎంగిల్లోనే దాని వంశం అంతా ఉంటుంది. మా వాడి కాగితాలు ఇవిగో. అన్నీ శుభ్రం. మీవి తెచ్చేదాకా వాడి మొహం కూడా చూపించను."

మరదలికి నవ్వాగలేదు. "వియ్యపురాలు గట్టిదే బావా! మా అక్కని ఇచ్చేటప్పుడు నీ మోకాళ్లు ఎవరు చూశారని?"

"చూసుంటే సంబంధం తప్పేది. నీ గోల లేకుండా బతికేవాణ్ణి."

పోస్టమ్మ నవ్వలేదు. "కుక్క చిన్నదైతే జబ్బు చిన్నదవదండీ. మోకాలిచిప్ప పక్కకు జారుతుంది, గుండె కవాటం వదులవుతుంది, కంటిచూపు పోతుంది. పుట్టిన పిల్లల్ని ఎవరో చిన్నపిల్లలున్న ఇంటికి తీసుకుపోతారు. ఏడ్చేది వాళ్లు. మనం కాదు." అని తలుపు వేసేసింది.

కత్తెరాయన దారి పొడుగునా తిట్టాడు. తిట్టాడే కానీ మర్నాడే కుక్కల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఎదుటివాడు మొండివాడైతే ఆయనకు లోలోపల ఒక గౌరవం.

డాక్టరమ్మ చిన్నవయసుది. గువ్వని బల్లమీద నిలబెట్టి వెనక కాళ్లు ఒక్కొక్కటీ చాపి, మడిచి, మోకాలిచిప్పని బొటనవేలితో నెట్టి చూసింది. కదల్లేదు. గుండె విన్నది. చాలాసేపు విన్నది. బాగుందంది. బుగ్గకీ చిగుళ్లకీ మధ్య చిన్న బ్రష్షులాంటి పుల్ల పెట్టి తిప్పింది. గువ్వ తుమ్మింది. అంతే, పరీక్ష అయిపోయింది.

"కాగితం వచ్చాక కబురు చేస్తాను బాబాయ్‌గారూ."

కబురు వచ్చింది. ఫోనులో చెప్పలేదు, రమ్మంది. మరదలు కూడా వచ్చింది. ఆవిడ రాని చోటు లేదు.

"కంటి వెనక చూపు పొర మెల్లగా ఎండిపోయే జబ్బు ఒకటుంది," అంది డాక్టరమ్మ. "అది గువ్వకి ఉంది. కాగితం అలా అంటోంది."

కత్తెరాయన నవ్వాడు. ఆయన నవ్వడం అరుదు కాబట్టి మరదలు ఉలిక్కిపడింది.

"ఇది గుడ్డిదా? గుండీ నేలమీద పడితే నేను వంగేలోపు తెచ్చి చేతికిస్తుంది. గుమ్మం దిగుతుంది, ఎక్కుతుంది. నేనటు నడిస్తే నా వంకే చూస్తుంది. మీ కాగితం ఇంకో కుక్కది అయ్యుంటుందమ్మా."

"అయ్యుండొచ్చు. అందుకే రమ్మన్నాను."

ఆవిడ జేబులోంచి ఒక నాణెం తీసి నేలమీద పడేసింది. గువ్వ తల చటుక్కున అటు తిరిగింది.

"చూశారా!" అన్నాడు.

ఆవిడ దూది ఉండ ఒకటి చేసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీరే వదలండి. దాని మొహం ముందు నుంచి. మాట్లాడకండి."

ఆయన చెయ్యెత్తి దూది వదిలాడు. తెల్లటి దూది గువ్వ ముక్కు ముందు నుంచి, కళ్ల ముందు నుంచి మెల్లగా కిందికి దిగింది. గువ్వ మొహం కదల్లేదు. రెప్ప కదల్లేదు. మళ్లీ వదిలాడు. మరో పక్క నుంచి వదిలాడు. అటుపక్క బుట్టలో పడుకున్న డాక్టరమ్మ సొంత కుక్క, ముసలిది, ఒక కన్ను తెరిచి దూది పడేదంతా చూసింది. గువ్వ చూడలేదు.

డాక్టరమ్మ గదిలో దీపం తగ్గించింది. చిన్న లైటు గువ్వ కంట్లోకి వేసి, భూతద్దం ఎదురుగా పట్టి, "రండి, ఇక్కడ్నుంచి చూడండి," అంది.

ముందు ముసలి కుక్క కన్ను చూపించింది. లోపల పచ్చగా, బంగారంగా ఒక వెలుగు. దానిమీద ఎర్రటి నరాలు, బాగా అల్లిన లేసులాగా. కత్తెరాయన ఇంత వయసు వచ్చీ ఒక కంటి లోపల ఏముంటుందో ఎప్పుడూ అనుకోలేదు. అంత చిన్న చోట అంత పని ఎవరు కుట్టారో ఆయనకు అంతు చిక్కలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. తర్వాత గువ్వ కన్ను. వెలుగు ఇంకా ఎక్కువుంది, అద్దంలా మెరిసిపోతోంది. కానీ ఖాళీ. నరాలు వెంట్రుకల్లా సన్నబడి ఉన్నాయి. పైన కప్పిన పొర పలచబడిపోతే అడుగున ఉన్న మెరుపు అలా బయటపడుతుందని ఆవిడ చెప్పింది.

"ఇంత మెరుస్తుంటే గుడ్డిదని ఎవరనుకుంటారు," అన్నాడు.

"మీ ఇంట్లో ఈమధ్య సామాన్లు ఏమైనా జరిపారా?"

"ఆవిడ పోయాక పుల్ల కదపలేదు."

"కదపనిస్తేగా!" అంది మరదలు. "మొన్న స్టూలు ఇటు లాగానని నా మీద ఇంతెత్తున లేచాడండీ. దువ్వెన కూడా అక్కడే ఉండాలి. ఇల్లు కాదు, మ్యూజియం."

"అందుకే మీకు తెలియలేదు," అంది డాక్టరమ్మ. "చూపు ఒక్కసారిగా పోదు. పోతున్నకొద్దీ అది ఇల్లంతా నేర్చుకుంటూ వచ్చింది. ఇల్లు మారలేదు. ఇంక చూపుతో పనేముంది?"

కత్తెరాయన గువ్వని ఎత్తుకున్నాడు. "అయితే దీనికి పిల్లలు వద్దంటారు."

"అనడంలేదు. ప్రతి ప్రాణికీ ప్రతి పనికీ రెండు నమూనాలు వస్తాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. గువ్వకి ఈ పనికి వచ్చిన రెండూ ఒకే చోట చిరిగినవి. మగకుక్కవి రెండూ మంచివైతే ప్రతి పిల్లకీ ఒక మంచిది దక్కి తీరుతుంది. ఒక్క పిల్ల కూడా ఈ జబ్బుతో గుడ్డిదవదు."

"ఒక్కటి చాలా?"

"చాలు."

ఆయన చేతిలో ఎన్నో కాగితపు నమూనాలు చిరిగాయి. రెండోది ఉంటే చాలు, కోటు ఆగదు. ఆ మాట కొత్తేమీ కాదు. కానీ కంటికి కనపడనంత చిన్నచోట, ఎవరూ కూర్చుని కుట్టనిచోట కూడా అదే పద్ధతి నడుస్తోందంటే, ఆయన గువ్వ చెవి అంచుని కుట్టు చూసినట్టు వేలితో తడిమాడు. మరదలు ఆయన్ని విచిత్రంగా చూసింది.

"కాకపోతే చిరిగినది కూడా వాటితో పాటే పోతుంది," అంది డాక్టరమ్మ. "అలాంటివి రెండు జత కడితే మళ్లీ ఇదే. మరి గువ్వ తల్లిదండ్రులు దగ్గర చుట్టాలా?"

"మా ఆవిడే తాతనీ మనవరాల్నీ కట్టింది," అన్నాడు. "చెవుల కోసం."

"ఆవిడకి తెలిసే వీల్లేదు బాబాయ్‌గారూ. చిరిగినది ఒక్కటే మోసేవాటి కళ్లు బాగానే ఉంటాయి."

"అడిగితే తెలిసేది. పోస్టమ్మ అడిగింది. మా ఆవిడ అడగలేదు."

మరదలి మొహం ఎర్రబడింది. ఇంటిదాకా ఆయనకంటే నాలుగడుగులు ముందు నడిచింది. అది కూడా అరుదే.

ఆ సాయంత్రం కత్తెరాయన మిషను ముందు కూర్చుని కుట్టలేదు. గువ్వని చూస్తూ కూర్చున్నాడు. అది వంటగదిలో నీళ్లు తాగింది. గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది. తిన్నగా రావలసినది గోడవారగా తిరిగి, హాలు మధ్యన ఏమీ లేని చోటుని చుట్టి, ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది. రోజూ అంతే. అక్కడ భార్యకు అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచం ఉండేది. ఆవిడ పోయిన మర్నాడు మనుషులొచ్చి పట్టుకుపోయారు. ఇల్లు వదిలిన సామాను అదొక్కటే. కుక్క ఆ చోటు తొక్కకపోతే, ఆవిడ మీద బెంగ ఇంకా తీరలేదనుకున్నాడు. మనుషులకంటే నయమని కూడా అనుకున్నాడు.

ఇప్పుడు అర్థమైంది. బెంగ కాదు. మంచం పోయిందని దానికి తెలియదు. చూపు అప్పటికే పోయింది. మోసుకుపోతున్నప్పుడు దాన్ని పెరట్లో కట్టేసి ఉంచారు. గువ్వ తలలో ఉన్న ఇంట్లో ఆ మంచం ఇప్పటికీ ఉంది. దానిమీద ఎవరున్నారో ఆయన ఆలోచించదలచుకోలేదు, కానీ ఆలోచించాడు.

నీళ్ల చెంబుకోసం లేచి వంటగదివైపు నడిచాడు. సగం దూరం వెళ్లాక ఆగిపోయాడు. తనూ గోడవారగానే నడుస్తున్నాడు. కళ్లున్నవాడు, ఏడాది పైగా.

కత్తెరాయన వెళ్లి ఆ ఖాళీ చోట నేలమీద కూర్చున్నాడు. మోకాళ్లు పటపటమన్నాయి.

"గువ్వా."

అది చెవులు విచ్చింది. నాలుగడుగులు వేసి, మంచం అంచు ఉండాల్సినచోట ఆగింది. మెడ చాచింది. ఆయన గొంతు మంచంలోంచి వస్తోంది. అది దానికి పొసగలేదు. ముందుకాలు ఒకటి ఎత్తి, చల్లటి నీళ్లలో పెడుతున్నట్టు, లేని మంచంలోకి పెట్టింది. కాలికి ఏమీ తగల్లేదు. రెండో కాలు పెట్టింది. ఒళ్లంతా వణుకుతోంది. వెనక్కి పోలేదు. పోల్చుకున్న లోకం ఒకటి కళ్లముందే కూలిపోతుంటే, కళ్లు కూడా లేకుండా, ఆ చిన్న ప్రాణి మాట పట్టుకుని అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ వచ్చి ఆయన ఒళ్లో మొహం పెట్టింది.

కాసేపటికి దిగింది. వంటగది గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చింది. ఈసారి తిన్నగా వచ్చింది, హాలు నడిబొడ్డున, గోళ్లు టకటకమనిపిస్తూ. ఇల్లంతా మళ్లీ గీసుకోవడానికి దానికి పట్టింది అంతే. కత్తెరాయన జన్మలో ఎవరికీ దణ్ణం పెట్టిన మనిషి కాదు. ఆ పూట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పోస్టమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి చదివింది. బాగా చదివాక కళ్లజోడు తీసింది.

"మా వాడివి రెండూ మంచివే. జత కట్టొచ్చు, ఒక్కసారి. పిల్లల్ని తీసుకునే ప్రతివాళ్లకీ మొహం మీద చెప్పాలి, ఇది చిరిగిన నమూనా ఒకటి మోస్తోందని."

"నా నోటికి అది కష్టం కాదు."

"ఇంకోటుంది. గువ్వ తోబుట్టువులు ఎక్కడున్నాయి?"

"మూడున్నాయి. అన్నీ నేను కోట్లు కుట్టినవాళ్ల ఇళ్లలోనే."

"ముందు వాళ్లకి చెప్పి రండి. తర్వాత నా దగ్గరికి రండి."

మరదలు బయటికి వచ్చాక విరుచుకుపడింది. "అక్క పేరు బజారున పెడతావా బావా? కప్పులు తెచ్చిన మనిషి! చచ్చిపోయినదాన్ని ఇంటింటికీ ఈడ్చుకెళతావా?"

"ఈడుస్తాను."

"ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది? ఆ కుక్కలు బాగానే ఉన్నాయిగా?"

"గువ్వ కూడా బాగానే ఉందనుకున్నాం. వాళ్లూ జత కట్టేస్తారు, మనలాగే, చెవులు చూసి."

"నీకు జాలి లేదు."

"లేదు. మీ అక్కకి చాలా ఉండేది. కొలత ఒక్కటే చూడలేదు."

మరదలు రానంది. వచ్చింది. ప్రతి ఇంటి బయటా గేటు దగ్గర నిలబడింది, లోపలికి మాత్రం రాలేదు.

సంగీతం మాస్టారు శాంతంగా విని, బుగ్గ పుల్ల ఎక్కడ తీస్తారని అడిగాడు. ఫొటోగ్రాఫరు భార్య తలుపు మొహాన వేసింది. వేసే ముందు, మీ ఆవిడ పంపిందా ఈ వార్త అని అడిగింది. కత్తెరాయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని గేటుదాకా నడిచాడు.

మందుల షాపు ఆయన ఇంట్లో కుక్క ఎదురొచ్చి, కత్తెరాయన సంచికి గుద్దుకుంది.

"అది మొద్దు వెధవండీ," అన్నాడు షాపాయన. "సందెపడితే చాలు, కనిపించినదాన్నల్లా ఢీకొడుతుంది. ఎన్నిసార్లు తిట్టానో. మొన్న చెప్పుతో కూడా..." అంటూ ఆగిపోయాడు. కత్తెరాయన చెప్పేది సగంలో ఉండగానే కింద కూర్చుని కుక్కని దగ్గరికి లాక్కున్నాడు. పెద్ద మనిషి, నెరిసిన మీసం. దాని రెండు కళ్లమీదా చెయ్యి కప్పి అలాగే ఉండిపోయాడు.

"మీరు రాకపోతే ఇంకా తిడుతూనే ఉండేవాణ్ణి," అన్నాడు. "మీ ఆవిడే ఉంటే ఆవిడకి..."

"ఆవిడకి ఏమీ చెప్పనక్కర్లేదు," అన్నాడు కత్తెరాయన. "సామాన్లు జరపకండి. మెట్ల దగ్గర ముందు పిలవండి. దానికి అంతే కావాలి."

గేటు దగ్గర మరదలు మొహం తుడుచుకుంటోంది. "దుమ్ము," అంది.

"నేనడిగానా?"

మూడిళ్లకీ చెప్పి వచ్చాక పోస్టమ్మ మాట నిలబెట్టుకుంది. రెండు నెలలకు గువ్వ ఈనింది. చిన్న జాతికి కాన్పు సుళువు కాదు. డాక్టరమ్మ పొద్దుటినుంచీ పక్కనే ఉంది. మూడు పిల్లలు. ఒక్కొక్కటీ కత్తెరాయన గుప్పిట్లో పట్టేవి. గువ్వ వాటిని ముక్కుతో లెక్కపెట్టింది. ఏది పక్కకు దొర్లినా, చప్పుడు రాకముందే ఎలా తెలుసుకునేదో, వెళ్లి నోట కరుచుకుని తెచ్చేది. డాక్టరమ్మ కూడా దానికి కారణం చెప్పలేకపోయింది.

కొన్నాళ్లకు పిల్లలు కళ్లు తెరిచాయి. నీలపు పొర కమ్మిన గుడ్లు, ఎక్కడా ఆనని చూపు. రెప్ప విప్పినంత మాత్రాన చూడటం రాదని, ఇంకా టైము పడుతుందని డాక్టరమ్మ అంది. కాగితం చెప్పింది కదా అని కత్తెరాయన సరిపెట్టుకోలేదు. పొద్దున్నే బుట్ట ముందు కూర్చోవడం పనిగా పెట్టుకున్నాడు. కోట్లు ఆలస్యమయ్యాయి. అడిగినవాళ్లకి, తొందరైతే దుప్పటి కప్పుకుపొమ్మన్నాడు.

ఆ రోజు గువ్వ పిల్లలకు పాలిస్తూ పడుకుంది. కత్తెరాయన చెప్పులు లేకుండా, చప్పుడు కాకుండా, బుట్టకు ఒక మూరెడు దూరంలో కూర్చున్నాడు. పిల్లల్లో చిన్నది పాలు వదిలేసి తలెత్తింది. ఒక చెవి లేచింది, ఒకటి లేవలేదు. తల ఊగుతోంది, మెడకు బరువు ఎక్కువైనట్టు. ఊగి ఊగి ఆయన మొహం ముందు ఆగింది.

ఆయన కదల్లేదు. ఊపిరి కూడా మెల్లగా తీశాడు. తర్వాత ఏ అలికిడీ లేకుండా మొహాన్ని కొంచెం ఎడమకు జరిపాడు. పిల్ల తల ఎడమకు తిరిగింది. కుడికి జరిపాడు. అదీ తిరిగింది. గువ్వ తల మాత్రం ఉన్నచోటే ఉంది. ఇన్నాళ్లూ అది తన వంక చూస్తోందనుకున్నాడు. అది వింటూ వచ్చింది, ఆయన్నంతా, అడుగు అడుగునా. ఈ పిల్లది వినడం కాదు. ఆయన దగ్గర వినడానికి ఏమీ లేదు. ఆ చిన్న తలలో, తండ్రి ఇచ్చిన ఒక్క మంచి నమూనా పట్టుకుని, ఎవరూ చెప్పకుండా, ఎవరూ చెయ్యి వెయ్యకుండా, కన్ను తనంతట తాను కుట్టుకుంది. మొదటగా దానికి దొరికింది ఒక ముసలి దర్జీ మొహం.

వీధి తలుపు తోసుకుని మరదలు వచ్చింది. "ఏంటి బావా, నేలమీద అలా బిగుసుకుపోయావ్? నడుం పట్టిందా?"

"అరవకు. చూస్తోంది."

"ఎవర్ని?"

"నన్ను," అన్నాడు కత్తెరాయన.